రాయి తగిలేది ఎక్కడ, ఫిల్మ్ వేసేది ఎక్కడ?

(నల్లగొండ స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: మిర్యాలగూడ నుంచి వచ్చిన స్పోర్ట్స్ కారు యజమాని, మహబూబ్‌నగర్‌లో కార్లకు ఫిల్మ్ వేసే నిపుణుడు, నల్లగొండలో ఏళ్ల తరబడి డెంటింగ్, పెయింటింగ్ చేస్తున్న మేస్త్రీ.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. మన స్టూడియో బయట ఎర్రటి పోర్షే 718 కేమన్ ఆగి ఉంది. లోపలికి వచ్చే ముందు దాని ముక్కు దగ్గర కూర్చొని చూశాను. దూరం నుంచి అద్దంలా మెరుస్తోంది. దగ్గరికి వెళ్తే బంపర్ మీద ఆవగింజంత తెల్ల చుక్కలు, లెక్కపెడితే ఇరవై దాటాయి. తమ్ముడూ, కొని ఎన్నాళ్లయింది?

యజమాని: నా చేతికి వచ్చి ఎనిమిది నెలలు మేడమ్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మాకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోవాలి. నార్కట్‌పల్లి దాకా అద్దంకి రోడ్డు, అక్కడి నుంచి విజయవాడ హైవే. ముందు సిమెంటు లారీ, వెనక కంకర టిప్పర్. ఆ చుక్కలన్నీ ఈ ఎనిమిది నెలల్లో పడ్డవే. ఒక్కోటి పడ్డప్పుడు టక్‌మని చప్పుడు వస్తుంది. ఆ రోజంతా మనసు బాగుండదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఏం చేయించాలని అనుకుంటున్నారు?

యజమాని: బానెట్, రూఫ్, సైడ్ మిర్రర్లు, వెనక స్పాయిలర్, అన్నిటికీ కార్బన్ ఫైబర్ లుక్ ర్యాప్, అంటే నల్లటి నేతలా కనిపించే ఫిల్మ్ అంటించడం. చూడటానికి బాగుంటుంది, కింద పెయింటూ కాపాడుతుంది. ఒకే ఖర్చుతో రెండు పనులు అవుతాయని నా లెక్క.

ఫిల్మ్ నిపుణుడు: తమ్మీ, లెక్క అక్కడే తప్పింది. నా షాపుకు వచ్చే పదిమందిలో ఎనిమిది మంది ఇదే అనుకుంటారు. అవి రెండూ వేర్వేరు వస్తువులు. కార్బన్ లుక్ ర్యాప్ అనేది వినైల్, అంటే పీవీసీ. నునుపైన రంగు ర్యాప్ మందం ఇంచుమించు 100 మైక్రాన్లు, కొంచెం అటూ ఇటూ; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గరుకైన కార్బన్ ర్యాప్ దానికంటే మందంగా ఉంటుంది. రక్షణ కోసం వేసే పీపీఎఫ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, పాలీయురెథేన్‌తో చేస్తారు, టీపీయూ అంటాం. అది 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది, పైగా రబ్బరులా సాగుతుంది. రాయి తగిలితే దెబ్బను మింగుతుంది. వినైల్ అలా మింగదు. చిన్న గీతల్ని ఆపుతుంది, హైవే మీద ఎగిరొచ్చే కంకరను ఆపలేదు.

మేస్త్రీ: నేనొక మాట చెప్తా. కంపెనీ నుంచి వచ్చిన కారు మీద ప్రైమర్, రంగు, దాని పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్ అన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లే. మనం రాసుకునే తెల్ల కాగితం ఒక్కటి వంద మైక్రాన్లు ఉంటుంది. అంటే లక్షలు పోసి కొన్న కారు రంగు మొత్తం కాగితమున్నర మందం. దాని మీద ఈయన వేసే పీపీఎఫ్ రెండు కాగితాల మందం. రంగుకంటే దాని మీద కప్పే కవరే మందం అన్నమాట.

వ్యాఖ్యాత: ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. మరి సిరామిక్ కోటింగ్ రాళ్లను ఆపుతుందని చెప్పి అమ్ముతున్నారు కదా?

మేస్త్రీ: ఆపదమ్మా. అది ఒకటి రెండు మైక్రాన్ల పొర. నీళ్లు జారిపోతాయి, కడగడం తేలికవుతుంది, మెరుపు ఉంటుంది. అంతవరకే. రాయి ముందు అది నిలవదు.

ఫిల్మ్ నిపుణుడు: అసలు ఈ ఫిల్మ్ పుట్టిందే రాళ్ల కోసం. వియత్నాం యుద్ధంలో అమెరికా హెలికాప్టర్ల రెక్కల అంచులు ఇసుకకు అరిగిపోతుంటే త్రీఎమ్ కంపెనీ పాలీయురెథేన్ టేపు తయారు చేసి ఇచ్చింది. తర్వాత అదే రేసు కార్లకు, అక్కడి నుంచి మన కార్లకు వచ్చింది. పోర్షే 911 వెనక మడ్‌గార్డ్ ముందు అంచు చూడండి, కంపెనీవాళ్లే పారదర్శకమైన ఫిల్మ్ ముక్క అంటించి పంపుతారు. వెనక భాగం వెడల్పు కదా, ముందు టైరు విసిరిన రాయి సూటిగా అక్కడే తగులుతుంది. ఈ తమ్ముడి కారూ అదే మాదిరి. అతను చెప్పిన జాబితాలో ఆ చోటే లేదు.

యజమాని: అక్కడ కూడా పడ్డాయి అన్నా, నిజమే. నేను ముందు వైపే చూసుకున్నాను.

(ఫిల్మ్ నిపుణుడు సంచిలోంచి ఎర్ర రంగు వేసిన రేకు ముక్క తీసి బల్ల మీద పెట్టారు. సగం మీద పీపీఎఫ్ ఉంది, సగం ఖాళీ.)

ఫిల్మ్ నిపుణుడు: ఇది ఇత్తడి తీగల బ్రష్. ఫిల్మ్ ఉన్న వైపు రుద్దుతున్నాను, చూడండి. గీతలు సాలెగూడులా కనిపిస్తున్నాయా? ఇప్పుడు ఈ ఫ్లాస్క్‌లో వేడి నీళ్లు పోస్తాను.

వ్యాఖ్యాత: (దగ్గరికి వంగి) ఆవిరి వస్తోంది... గీతలు అంచుల నుంచి లోపలికి మూసుకుంటున్నాయి. మధ్యలో ఒకటి మిగిలింది. అదీ పోయింది! చూసేవాళ్ల కోసం చెప్తున్నాను, పట్టుమని అర నిమిషం కూడా పట్టలేదు.

ఫిల్మ్ నిపుణుడు: పైపొర వేడికి మళ్లీ సర్దుకుంటుంది. మన ఎండాకాలంలో వేడినీళ్లు కూడా అక్కర్లేదు, ఎండలో నిలబెడితే చాలు. కానీ బ్లేడు లోతుగా దిగితే, ఫిల్మ్ చీలితే మానదు. అమ్మేవాడు ఆ మాట చెప్పడు, నేను చెప్తున్నాను.

మేస్త్రీ: ఇంకో మోసం ఉంది, అది కూడా చెప్పు.

ఫిల్మ్ నిపుణుడు: చెప్తా మేస్త్రీ గారూ. పీపీఎఫ్ పేరుతో పీవీసీ అమ్ముతున్నారు. టీపీహెచ్ అని ఒకటి ఉంది, అది మెత్తబరిచిన పీవీసీనే. కొత్తలో తళతళలాడుతుంది, ధర సగానికి సగం. మన ఎండకు గట్టిపడి పసుపు తిరుగుతుంది. తెల్ల కారైతే చూడలేం. కాబట్టి కత్తిరించిన చిన్న ముక్క అడిగి తీసుకోండి. రెండు చేతులతో లాగి వదలండి. టీపీయూ మెల్లగా వెనక్కి వస్తుంది. పీవీసీ లాగినంత మేర సాగిపోయి అలాగే ఉండిపోతుంది. రోల్ డబ్బా మీ ముందే తెరవమనండి, రోల్ నంబరు వారంటీ కార్డు మీద రాయించుకోండి. సిగ్గుపడొద్దు, డబ్బు మీది.

వ్యాఖ్యాత: ఫోన్‌లో దేవరకొండ నుంచి ఒకరు ఉన్నారు. చెప్పండి.

ఫోన్‌లో: నమస్తే మేడమ్. నా తెల్ల కారు బానెట్‌కు 5డీ కార్బన్ షీట్ వేయించాను. ఏడాది కూడా కాలేదు, అంచులు లేచినయి. లేచిన చోట మట్టి పట్టి నల్లగా అయింది. మళ్లీ అంటించొచ్చా?

ఫిల్మ్ నిపుణుడు: మళ్లీ అంటించొద్దన్నా, తీయించెయ్. ఎండలో అది ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత పెళుసై ముక్కలుగా ఊడుతుంది. 3డీ, 4డీ, 5డీ అంటే మెరుపూ గరుకూ ఎంత అన్నదే. 3డీ చేతికి గరుకుగా తగిలి మసకగా ఉంటుంది, 5డీ గాజులా మెరుస్తుంది. ఆ నంబరుకూ నాణ్యతకూ సంబంధం లేదు. అడగాల్సింది, ఇది కాస్ట్ ఫిల్మా, క్యాలెండర్డ్ ఫిల్మా అని. కాస్ట్ అంటే ద్రవాన్ని పలుచగా పోసి ఆరబెట్టి చేసేది, దాంట్లో లాగుడు ఉండదు. క్యాలెండర్డ్ అంటే చపాతీ పిండిలా రోలర్ల మధ్య నొక్కి సాగదీసేది. వేడి తగలగానే అది మళ్లీ పాత కొలతకు ముడుచుకోవాలని చూస్తుంది. మీ అంచులు లేచింది అందుకే.

యజమాని: నాకూ ఇదే అనుభవం. ఇంతకుముందు కారుకు ఒక షాపులో వేయించాను, పేరు వద్దు. రెండు ఎండాకాలాలు గడిచాక తీస్తే గోటితో గీకినట్టు చిన్న చిన్న ముక్కలుగా వచ్చింది. ఒక చోట కింద రంగు కూడా దాంతోపాటే లేచింది. చాలా బాధేసింది.

మేస్త్రీ: అక్కడ ఎప్పుడో రీపెయింట్ అయి ఉంటుంది బిడ్డా. కంపెనీలో రంగును 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. మా పెయింట్ బూత్‌లో 60 డిగ్రీలు. కొందరైతే గాలికే ఆరబెడతారు. రెండూ ఒకే పట్టు పట్టవు. అందుకే సెకండ్ హ్యాండ్ కారుకు ఫిల్మ్ వేసే ముందు మందం కొలిచే మీటర్ పెట్టాలి. ఇందాక నేను నీ కారు మీద పెట్టాను. తలుపులు, రూఫ్ 120 మైక్రాన్లు చూపించాయి. ఎడమ ముందు మడ్‌గార్డ్ 290.

యజమాని: ఏంటి మేస్త్రీ గారూ! అమ్మినాయన ఎక్కడా గీత పడలేదని చెప్పాడు.

మేస్త్రీ: భయపడకు, పెద్ద దెబ్బ కాదు. లప్పం ఉంటే ఇంకా చాలా ఎక్కువ చూపించేది. మంచి మేస్త్రీ చేతి పనే. కాకపోతే అక్కడ వేసిన ఫిల్మ్‌ను రేపు ఎప్పుడైనా తీయాల్సి వస్తే, వేడి చేసి, ఫిల్మ్‌ను పైకి ఎత్తకుండా వెనక్కి మడిచి, మెల్లగా లాగాలి. ఈ మాట పని మొదలుకాకముందే కాగితం మీద రాసుకోండి, తర్వాత గొడవ ఉండదు. కొత్తగా రంగు వేయించుకున్నవాళ్లు మాత్రం కనీసం నెల రోజులు ఆగాలి. రంగులోంచి ఆవిరి బయటికి పోవాలి. ముందే మూసేస్తే బుడగలొస్తాయి.

వ్యాఖ్యాత: మన ప్రాంతానికి సంబంధించిన ఇబ్బందులు ఇంకేమున్నాయి?

యజమాని: మా మిల్లు దగ్గర ఊక బూడిద. పొద్దున లేచేసరికి కారు మీద బూడిద రంగు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. పనబ్బాయి పొడి గుడ్డతో తుడుస్తాడు.

ఫిల్మ్ నిపుణుడు: అయ్యో, అది ఆపించు తమ్మీ, ఇవాళే ఆపించు! ఊక బూడిదలో సిలికా ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్లు పారించాలి. ఆ నీళ్లతో కూడా జాగ్రత్త. మన బోరు నీళ్లు ఎంత గట్టివో వేరే చెప్పాలా, ఎండలో ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి. 3డీ కార్బన్ ర్యాప్ మీదైతే ఆ తెలుపు గీతల సందుల్లో ఇరుక్కుంటుంది. ఎంత తుడిచినా పోదు, మెత్తటి బ్రష్‌తో సందు సందూ కడగాలి. నీడలో కడిగి వెంటనే ఆరబెట్టు.

వ్యాఖ్యాత: అయితే కార్బన్ లుక్ అసలు వద్దంటారా?

ఫిల్మ్ నిపుణుడు: వద్దనను మేడమ్, నాకూ ఇష్టమే. ఎరుపు మీద చిన్న కార్బన్ ముక్క ఎంత అందంగా ఉంటుందో! కానీ బానెట్, రూఫ్ లాంటి ఆకాశం చూసే భాగాల మీద ర్యాప్ ఆయుష్షు తలుపుల మీద ఉన్నంత ఉండదు. పెద్ద కంపెనీల వారంటీ కాగితాల్లోనే అడ్డంగా ఉన్న భాగాలకు తక్కువ కాలం రాస్తారు. పైగా నలుపు, నల్లగొండ మే నెల. అందుకే మిర్రర్లకు, స్పాయిలర్‌కు వేద్దాం, కాస్ట్ ఫిల్మే వేద్దాం. ఇదిగో, మిర్రర్ కవర్ తెచ్చాను.

(హీట్ గన్ వేడితో ఫిల్మ్‌ను కవర్ మీద పరిచారు.)

ఫిల్మ్ నిపుణుడు: చూడండి, నేత గీతలు ఏటవాలుగా పోతున్నాయి. మూల దగ్గర ఎక్కువ లాగితే ఈ చిన్న చతురస్రాలు సాగి కోలగా అవుతాయి. అప్పుడు ఎవరైనా ఇది స్టిక్కర్ అని పట్టేస్తారు. అందుకే మధ్యలో పట్టించి, నాలుగు వైపులా కొంచెం కొంచెం వదలాలి. కుడి మిర్రర్‌లో గీతలు ఏ వైపు వాలితే ఎడమ మిర్రర్‌లో దానికి ఎదురుగా వాలాలి, అద్దంలో బొమ్మలా. ఇది గమనించకుండా ఒకే వైపు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. చివర్లో అంచుల్ని మళ్లీ బాగా వేడి చేయాలి, అప్పుడే ఫిల్మ్ పాత కొలత మర్చిపోతుంది. ఈ ఒక్క పని ఎగ్గొడితే మొదటి ఎండకే లేస్తుంది.

మేస్త్రీ: బ్లేడు సంగతి కూడా చెప్పు. నా దగ్గరికి వచ్చే కార్ల మీద చూస్తుంటాను, ఫిల్మ్ తీశాక కింద రంగు మీద వెంట్రుకంత గీత ఉంటుంది.

ఫిల్మ్ నిపుణుడు: కారు మీద పెట్టి కోస్తే అంతే. ర్యాప్‌కైతే దారం ఉండే టేపు వాడాలి, ఫిల్మ్ కింద వేసి దారం లాగితే తెగుతుంది. పీపీఎఫ్‌కు ఆ మోడల్ కొలతలతో మిషన్ మీద ముందే కోసి తేవాలి. కారు మీద బ్లేడు పెడతారా అని షాపువాణ్ని అడగండి. ఒక్కోచోట చేతిపనిగా కోయక తప్పదు, ఆ సంగతి దాచకుండా చెప్పేవాడిని నమ్మండి.

యజమాని: మొత్తం కారుకే కార్బన్ వేస్తే?

వ్యాఖ్యాత: దానికి నేను చెప్తాను, రవాణా శాఖ విషయాలు చదువుతుంటాను. ఆర్‌సీలో మీ కారు రంగు ఎరుపు అని ఉంటుంది. బండంతా నలుపు చేస్తే అది ఆర్‌సీలో రాసిన వివరాన్ని మార్చడమే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. ముందే ఆర్టీవో దగ్గర అనుమతి తీసుకుని ఆర్‌సీలో రంగు మార్పించుకోవాలి. పారదర్శకమైన పీపీఎఫ్‌కు ఆ బాధ లేదు, రంగు మారదు కదా. ఇంకోటి, ఇన్సూరెన్స్ వాళ్లకు ఫిల్మ్ విలువ చెప్పి పాలసీలో రాయించుకోండి.

యజమాని: సరే అన్నా, నా బడ్జెట్ లక్షన్నర. ఎలా పెట్టమంటావు?

ఫిల్మ్ నిపుణుడు: ముందు డబ్బంతా ముందు భాగానికే. బంపర్, బానెట్ పూర్తిగా, రెండు ముందు మడ్‌గార్డ్‌లు, హెడ్‌లైట్లు, తలుపుల కింది అంచు, వెనక మడ్‌గార్డ్ ముందు వంపు. వీటికి అసలైన టీపీయూ. బానెట్ సగానికే వేస్తే ఖర్చు తగ్గుతుంది, కానీ మధ్యలో అడ్డగీత పడి దానికి దుమ్ము పడుతుంది, నీ కారుకు నేను వేయను. పార్కింగ్ సెన్సర్ల గుండ్రాలు మూయకుండా కోస్తాను. మిగిలిన దాంట్లో మిర్రర్లకు, స్పాయిలర్‌కు కార్బన్.

మేస్త్రీ: ఉన్న చుక్కల్ని ముందు నేను టచప్ చేస్తాను. ఫిల్మ్ కింద చుక్క ఉంటే చుక్కగానే కనిపిస్తుంది. చేశాక నెల రోజులు ఆగుదాం, ఆ తర్వాత ఫిల్మ్.

యజమాని: వేశాక ఎన్ని రోజులు నడపొద్దు?

ఫిల్మ్ నిపుణుడు: రెండు రోజులు నీడలో ఉంచు. వారం దాకా కడగకు. లోపల చిన్న నీటి బుడగలు కనిపిస్తే సూదితో పొడవకు, కొన్ని వారాల్లో వాటంతట అవే ఆరతాయి. వచ్చే శనివారం రాత్రి హైదరాబాద్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మేస్త్రీ గారి షెడ్డుకు తీసుకురా, నేనూ అక్కడికే వస్తాను.

యజమాని: సరే అన్నా, వాటర్ వాష్ చేయించి తెస్తాను.

ఫిల్మ్ నిపుణుడు: వద్దు, కడగకుండానే తీసుకురా. సాగర్ కాలువ పక్క పొలాల పురుగులు ఎక్కడ కొట్టుకున్నాయో, దుమ్ము ఎంత దూరం ఎగిరిందో కారు మీదే కనిపిస్తుంది. దాన్ని చూసి ఫిల్మ్ ఎక్కడిదాకా రావాలో చాక్‌పీసుతో గీస్తాను. ఆ తర్వాత కడుగుదాం.