బిల్లు మీద చెట్టు పేరు
(కర్నూలులో కలప, కట్టడ సామగ్రి వ్యాపారుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నంద్యాల నుంచి దుకాణాలు మూసుకొని వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు, వ్యాపారం చేతికి తీసుకున్న అక్కచెల్లెళ్లకు వందనాలు.

సిమెంటు, కమ్మీలు, బండలు, ప్లైవుడ్డు, కలప అమ్మేవాళ్లందరం ఇక్కడున్నాం. అన్నింటి గురించీ చెప్పమన్నారు గానీ నేను ఎక్కువసేపు కలప దగ్గరే ఆగుతాను. మిగతా సరుకు మీద ఎవరో ఒకరు ముద్ర కొట్టి పంపుతారు. సిమెంటు సంచి మీద 50 కిలోలని, ఏ వారం తయారైందని ఉంటుంది. కమ్మీ మీద కంపెనీ పేరు, గ్రేడు అచ్చు పడి ఉంటాయి. కలప మీద ఏమీ ఉండదు. అది ఏ చెట్టు, ఎంత ఆరింది, ఎన్ని అడుగులు అన్నది డిపోవాడు చెప్పాల్సిందే. అట్లాంటి సరుకుకు మనం రాసే బిల్లు ఏమిటి? ‘టేకు కట్టె, ఒక లాటు’. కింద మొత్తం, పక్కన సంతకం.

ఆ ఒక్క గీతలో చెట్టు పేరు, కొలత, తేమ ఈ మూడూ చేరాలని అడగడానికే వచ్చాను. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగినప్పుడు కొనేవాళ్లు బిల్లు తిప్పి తిప్పి చూశారు. ఆ చూపు ఇక పోదు. కలప బిల్లు మీద కూడా పడుతుంది.

మన సీమ పాత మిద్దెలు తలచుకోండి. రాతి గోడలు, గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన బండలో బద్దలో పరిచి చౌడు మట్టి. ఇంటి బరువంతా మోసింది కట్టెనే. ఇల్లు కట్టేవాళ్లు నల్లమల టేకో, ఏగిసో, నల్లమద్దో తెచ్చుకునేవాళ్లు. అంత స్తోమత లేనివాళ్లు తమ చేనిగట్టు వేపను, తుమ్మను కొట్టించేవాళ్లు. నీడన పడేసి, బాగా ఆరాకనే వడ్రంగం చేసే ఆచారికి కబురు పెట్టేవాళ్లు. ఏ చెట్టు ఎక్కడిదో ఊరందరికీ తెలుసు. కాగితం అవసరం లేదు. ఇప్పుడు ఆ మిద్దెలు పడగొడుతుంటే బయటపడే దూలాలకు మనలోనే పోటీ ఎంతుందో చూస్తున్నారు కదా. అందులో ఉన్నదంతా చేవ, అంటే చెట్టు నడుమ గట్టిపడిన చెక్క; చుక్క తేమ లేదు.

ఆ కాలం ఎందుకు పోయిందో కూడా చెప్పుకోవాలి. నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల రక్షణకు పెట్టిన ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 1996 డిసెంబరు 12న అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల్లో పనిప్రణాళిక లేని నరికివేత ఆగింది. ఆ తర్వాతి ఉత్తర్వులతో సామిల్లుల మీదా పట్టు బిగిసింది. ఆ ఉత్తర్వులు మన కడుపు కొట్టాయని కొందరు పెద్దలు ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. ఆ అడ్డుకట్ట పడకపోతే ఈపాటికి నల్లమల మోళ్లే మిగిలేవి. బర్మా టేకుతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాం. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు మన డిపోల్లో ఉన్నది ఘనా, ఈక్వడార్, పనామా తోటల టేకు, న్యూజిలాండ్ పైను. కాండ్లా, తూత్తుకుడి లాంటి రేవుల్లో దిగి, చేతులు మారి, లారీలెక్కి మన దాకా వస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలైంది. తోట టేకు కూడా టేకే, ఆ చెట్టే. కానీ వయసు తక్కువ. నీళ్లు పెట్టి తొందరగా పెంచిన చెట్టులో నడిమి చేవ సన్నగా ఉంటుంది, చుట్టూ తెల్లచెక్క ఎక్కువ. చెదపురుగు చేవ జోలికి అంత తేలిగ్గా రాదు, తెల్లచెక్కను వదలదు. కాబట్టి ‘టేకు’ అని రాస్తే సగం నిజమే రాసినట్టు. తెల్లచెక్క ఉందా, ఎంత వరకు ఉంది అన్నది కూడా రాయాలి. ఇంకొన్ని పేర్లున్నాయి. ‘మలేసియా సాలు’ అంటాం. అది మన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పెరిగే సాలు కాదు. ఆ కుటుంబానికే చెందిన వేరే వేరే చెట్లు ఆ ఒక్క పేరు మీద వస్తాయి, ఒకటి ఇనుమంత గట్టి, ఒకటి మెత్తన. ‘ఆఫ్రికా టేకు’ అని అమ్మేదాంట్లో తోట టేకూ ఉంది, టేకు కానే కాని ఐరోకో లాంటి కట్టె కూడా ఉంది. ఐరోకో మంచి కట్టె, సందేహం లేదు. దాని పేరుతో, దాని ధరకు అమ్మితే తప్పేముంది?

కొలత సంగతికొస్తాను. దుంగను మనం పాత పద్ధతిలోనే కొలుస్తాం. నడుమ చుట్టుకొలత తీసి, అందులో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో హెచ్చిస్తాం. చుట్టు 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు ఉంటే లెక్కకు సరిగ్గా 10 ఘనపు అడుగులు వస్తుంది. అదే దుంగను గుండ్రంగా లెక్క కడితే 12.7. అంటే అసలులో 78 శాతం చిల్లరే లెక్కకొస్తుంది. మిగిలింది బెరడుకు, అంచు చెక్కకు, రంపపు పొట్టుకు పోతుందని పెద్దలు వదిలిపెట్టిన తరుగు. కొనేవాడి పక్షాన ఉన్న లెక్క అది.

కోసిన కట్టె దగ్గరికి వచ్చేసరికి ఆ తరుగు కొనేవాడి మీదికి తిరుగుతుంది. వాకిలి దర్వాజా, అంటే తలుపు చట్రం తీసుకుందాం. ఏడడుగుల నిలువులు రెండు, నాలుగడుగుల అడ్డాలు రెండు, మొత్తం 22 అడుగుల కట్టె. 5 అంగుళాలు, 3 అంగుళాల సైజు అని రాస్తాం. 22ను 15తో గుణించి 144తో భాగిస్తే 2.29 ఘనపు అడుగులు. ఇంటికెళ్లి టేపు పెడితే కట్టె నాలుగూ ముప్పావు, రెండూ ముప్పావు ఉంటుంది. అప్పుడు అసలు కొలత 2 ఘనపు అడుగులే. నూటికి 13 వంతులు కనపడకుండా పోయాయి. ఘనపు అడుగు 4,000 అనుకుంటే ఒక్క దర్వాజా మీద 1,180 రూపాయల దాకా. ఇంట్లో తలుపులు, కిటికీలు అన్నీ కలిపి చూసుకోండి. రంపం తిన్నది, చిత్రిక తిన్నది కొనేవాడే భరించాలంటే భరించనీయండి, వాళ్లు కాదనరు. కానీ ‘కోత సైజు ఇది, చేతికొచ్చే సైజు ఇది’ అని బిల్లులో రెండూ రాయాలి. తూనికలు కొలతల చట్టం ప్రకారం మీటర్ల లెక్క కూడా ఉండాలి. ఒక ఘనమీటరంటే 35.3 ఘనపు అడుగులు. పిల్లలు ఫోనులో నిమిషంలో వేసిస్తారు.

ఇక తేమ. మూడింటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. సముద్రం దాటి, వానలో తడిసి వచ్చిన కట్టె మార్చి నెల కర్నూలు గాలికి ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. చెక్కలో తేమ సుమారు 30 శాతం కిందికి దిగినప్పటి నుంచి అది కుదించుకోవడం మొదలుపెడుతుంది. అడుగు వెడల్పున్న టేకు పలక 20 శాతం తేమ నుంచి 10కి దిగితే, కోసిన తీరును బట్టి 3 నుంచి 6 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. గృహప్రవేశం నాడు బిగుతుగా పడిన తలుపు వేసవి దాటేసరికి వీధి వెలుతురు లోపలికి పంపుతుంది. తిట్లు ఆచారికి పడతాయి. ఆయన చేతిపనిలో లోపం లేదు. పచ్చి కట్టె ఇచ్చింది డిపో.

ఆరబెట్టడానికి పెద్ద యంత్రాలే అక్కరలేదు. కొలిమిలా కాగే మన ఎండలోనే ఆరేస్తే తొందరగా ఆరుతుందనుకోవడం మాత్రం పొరపాటు, చివర్లు చీలిపోతాయి. రేకుల నీడన, నేలకు ఎత్తుగా, పలకకూ పలకకూ మధ్య సన్నని బద్దలు పెట్టి, గాలి ఆడేట్టు పేర్చాలి. చివర్లకు రంగో మైనమో పూయాలి. పైన బరువు పెట్టాలి, వంకర పోకుండా. తేమ చూసే మీటరు ప్రతి డిపోలో ఉండాల్సిన పనిముట్టు. అది లేనివాళ్లు ఒక చిన్న ముక్క కోసి తూచి, ఓవెన్‌లో 100 డిగ్రీల పైచిలుకు వేడికి బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. 120 గ్రాములది 100కు ఆగితే తేమ 20 శాతం. మన గాలికి 12 లోపు దిగిన కట్టె అయితేనే తలుపుకు ఇవ్వాలని నా మాట. అంతకు మించి ఉంటే ‘పచ్చిది, ఇన్నాళ్లు ఆరబెట్టుకోవాలి’ అని రాసి, ధర తగ్గించి ఇవ్వండి.

ప్లైవుడ్డు గురించి కొంచెం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు నీళ్లు తీసిన తర్వాత వీధుల్లో పారేసిన అల్మరాలు చూసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. తేమకు మాత్రమే ఆగే రకం ప్లై పుస్తకంలా విచ్చుకుపోయింది. ఐఎస్ 710 అనే భారత ప్రమాణానికి సరిపడే మెరైన్ ప్లై అంటే ముక్కను 72 గంటలు ఉడకబెట్టినా పొర ఊడకూడదు. వంటింటికి, స్నానాల గదికి ఏది ఇస్తున్నారో రాయండి. ఐఎస్ఐ గుర్తు కింద లైసెన్సు నంబరు ఉంటుంది, ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి కొనేవాళ్ల ఎదుటే చూపించండి. గుర్తు మాత్రం ఉండి నంబరు దొరకని సరుకును లారీ దిగకముందే వెనక్కి పంపాలి.

కమ్మీల సంగతి రెండు మాటల్లో. ముక్కల లెక్కన అమ్మకండి, తూకం వేసివ్వండి. 12 మిల్లీమీటర్ల కమ్మీ మీటరుకు 0.888 కిలో, 12 మీటర్ల కడ్డీ 10.66 కిలోలు. కొద్దిగా తేడా రావచ్చు, కమ్మీల ప్రమాణం ఐఎస్ 1786 దానికీ హద్దు పెట్టింది. బండలు మన సొంత సరుకు, బేతంచెర్ల, తాడిపత్రి, కడప పేర్లు దేశమంతా తెలుసు. సున్నపురాయి కాబట్టి యాసిడ్ పోసి కడగొద్దని చెప్పి అమ్మితే చాలు.

ఇప్పుడు కొందరికి రుచించని మాట. ఆచారికి, బేల్దారి మేస్త్రీకి మనం చాటుగా ఇచ్చే కమీషను. ఆచారి తన కూలి రోజు పోగొట్టుకొని డిపోకొచ్చి, దుంగలు తిరగేసి మంచి కట్టె ఏరిపెడతాడు. ఆ పనికి డబ్బు ఇవ్వాల్సిందే. చాటుగా ఇస్తే మాత్రం ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోతుందో తెలిసిన దారే, ధరలో కలిపేస్తాం. అప్పుడు ఎక్కువ కమీషను ఇచ్చే డిపో గెలుస్తుంది, మంచి కట్టె ఉన్న డిపో ఓడిపోతుంది. ‘ఎంపిక కూలి’ అని బిల్లులో ఒక వరుస పెడదాం. ఆచారికీ గౌరవం, మనకూ తెరిపి. అందరూ ఒకేసారి మొదలుపెడితేనే ఇది నిలుస్తుంది, ఒక్కడు చేస్తే వాడి గిరాకీ పక్క వీధికి పోతుంది. అందుకే సభలో అడుగుతున్నాను.

ఉద్దర, అంటే అరువు బేరం కూడా దీనితో ముడిపడిందే. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ 2021 జులై నుంచి వ్యాపారులకూ ఇచ్చారు గానీ అది బ్యాంకు రుణాల వరకే పనికొస్తుంది. కొన్నవాళ్లు 45 రోజుల్లో బాకీ చెల్లించాలని ఆ పరిశ్రమలకున్న చట్టరక్షణ మనకు వర్తించదు. అంటే గుత్తేదారు ఏడాది తిప్పినా మన చేతిలో ఉన్నది బిల్లొక్కటే. ‘ఒక లాటు’ అని రాసిన బిల్లు పట్టుకొని ఎవరి ముందు నిలబడతాం? సరుకు నాసి అని వాళ్లంటే మన దగ్గర జవాబేముంది? చెట్టు, కొలత, తేమ రాసి, ఒప్పుకున్నట్టు సంతకం తీసుకున్న కాగితం ఉంటే మాట నిలుస్తుంది.

యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలు, ఉక్కు తలుపులు, చెక్కపొడి ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ చట్రాలు వచ్చాయని బెంగపడుతున్నారు. వాటి వెంట కంపెనీ కాగితం వస్తుంది. కట్టెకు ఆ కాగితం రాయగలిగినవాళ్లు మనమే, చేవ చూసి చెట్టు చెప్పే కన్ను మన దగ్గరే ఉంది.

ఈ బల్ల మీద నమూనా బిల్లు పుస్తకం, తేమ మీటరు, నాలుగు రకాల కట్టె ముక్కలు పెట్టాను. ముక్కల మీద పేర్లు రాయలేదు. దగ్గరికి రండి, పట్టుకొని చూడండి, ఏది ఏదో మీరే చెప్పండి. బిల్లులో ఇంకే వరుస కావాలో, ఏది ఆచరణకు రాదో ఇప్పుడే మాట్లాడుకుందాం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఎవరెవరు రాస్తారో వాళ్ల పేర్లు ఈ పుస్తకం మొదటి పేజీలో రాసిపోండి.