మొహం మీది జిడ్డు, రక్తంలోని కొవ్వు

(విజయనగరంలో కళాశాల విద్యార్థినులతో ఒక చర్మవైద్యురాలి ప్రసంగం)

అమ్మలూ, నమస్కారం. సిరిమానోత్సవం దగ్గర పడిందంటే మా క్లినిక్‌కి మీ ఈడు పిల్లలు వరస కడతారు. "జాతరలోగా ఈ మొటిమలు పోవాలి మేడం" అంటారు. పక్కనే అమ్మ. "నూనె వంటలు తినొద్దంటే వినదండీ, ఆ కొవ్వంతా మొహం మీదకి వస్తోంది" అంటుంది. పిల్ల తల దించుకుంటుంది. నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ మాట నిజం కాదు.

మీరు తిన్న బజ్జీలోని నూనె నేరుగా చర్మంలోంచి బయటికి ఊరదు. మొహం మీది జిడ్డు పేరు సీబమ్. దాన్ని చర్మంలోని నూనె గ్రంథులే చాలావరకు తయారు చేస్తాయి. అందులో పదో వంతుకు పైగా స్క్వాలీన్ అనే నూనె పదార్థం ఉంటుంది, రక్తంలో అది నామమాత్రమే. ఈడొచ్చాక ఆండ్రోజెన్ హార్మోన్ల వల్ల జిడ్డు ఎక్కువవుతుంది, రంధ్రం పూడుకుపోతుంది, లోపల బాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. అదే మొటిమ.

మరి రక్తంలో కొవ్వుతో సంబంధం లేదా? ఉంది, చుట్టు తిరిగి ఉంది. ఇన్సులిన్ ఎక్కువైతే గ్రంథులు ఇంకా ఊరతాయి, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులూ పెరగవచ్చు. పీసీఓఎస్ అనే అండాశయాల సమస్యలో ఈ రెండూ కలిసి కనిపిస్తాయి. నెలసరి తప్పుతూ, గడ్డం కింద మొటిమలు తగ్గకపోతే టెస్టులు చేయించుకోండి. మొటిమలున్న ప్రతివాళ్లకీ కొలెస్ట్రాల్ పరీక్ష అక్కర్లేదు.

రక్తంలో కొవ్వు పరీక్ష తప్పనిసరి అయ్యేది ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేటప్పుడు. మొండి మొటిమలకి మంచి మందే, కానీ దాదాపు నలుగురిలో ఒకరికి ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. అవి మరీ పెరిగితే క్లోమం వాచే ప్రమాదం ఉంది. గర్భిణులు దాన్ని అసలు ముట్టుకోకూడదు, బిడ్డకు అవకరాలు వస్తాయి.

ఒకమ్మాయి స్నేహితురాలి మందుల చీటీ చూపించి ఈ మాత్రలు కొనుక్కుని రెండు నెలలు మింగింది. రాత్రంతా ఏమీ తినకుండా వచ్చాకే రక్తం తీయించాను. ట్యూబ్‌ని మిషన్లో గిరగిరా తిప్పి చూస్తే, పైన తేరిన ద్రవం, అంటే సీరం, లేత పసుపుగా ఉండాల్సింది, పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. "ఇది నా రక్తమేనా మేడం?" అంది. మాత్ర ఆపించి, కొన్ని వారాలయ్యాక మళ్లీ తీయిస్తే తేటగా వచ్చింది. ఆ ట్యూబ్‌ని వాళ్లమ్మ చేతికే ఇచ్చాను. చాలాసేపు వెలుతురులో పట్టుకుని చూసుకుంది.

ఇక మీరు అడగండమ్మా.