చీనీ చిగురు మీద పేనుబంకా, సిల్లానా?

హోస్ట్: తాడిపత్రి వైపు నుంచి ఒక రైతు ఫోటో పంపించాడక్కా. చీనీ, అదే బత్తాయి చిగురంతా నల్లటి పురుగులు, ఆకులు ముడుచుకుపోయి జిగటగా ఉన్నాయి, చీమలు పారాడుతున్నాయి. మందుల షాపులో సిల్లా అనే పురుగని చెప్పి మందు సీసా చేతిలో పెట్టారంట.

అతిథి: ఇది పేనుబంకప్పా! రెండూ చిగురు రసం పీల్చేవే, రెండింటి బంక మీదా మసిలాంటి నల్లటి బూజు పడుతుంది, అందుకే కలిపేస్తుంటారు. పేనుబంక గుంపుగా అంటుకుని కదలకుండా ఉంటుంది. సిల్లా అయితే తల కిందికి పెట్టి వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది, కొమ్మ కదిపితే చటుక్కున దూకి ఎగిరిపోతుంది.

హోస్ట్: పిల్లపురుగులు?

అతిథి: భూతద్దం పెట్టి చూడు. సిల్లా పిల్లలు పల్చగా, పసుపు రంగులో ఉంటాయి, వెనక నుంచి తెల్లటి మైనం పోగులు మెలికలు తిరిగి వస్తుంటాయి. ఆ పోగులు కనిపిస్తే ఇంక అనుమానమే లేదు.

హోస్ట్: ఏది ఎక్కువ ప్రమాదం?

అతిథి: చూడ్డానికి పేనుబంకే భయపెడుతుంది, మగపురుగుతో పనిలేకుండానే పిల్లల్ని పెడుతుంది కాబట్టి చూస్తుండగానే చిగురంతా నిండిపోతుంది. చెట్టును ఎండబెట్టే ట్రిస్టెజా వైరస్‌ను మోసేది ఇదే, కాకపోతే రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిన చీనీ దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. సిల్లా నాలుగు కనిపించినా నాకు టెన్షనే. గ్రీనింగ్ తెగులు బ్యాక్టీరియా ఒకసారి దాని ఒంట్లోకి చేరితే బతికినన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది, తెగులు పట్టిన చెట్టును బాగుచేసే మందు లేదు. ఆకు నడిమి ఈనెకు ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా పసుపు మచ్చలొస్తాయి, కాయ వంకరపోయి చేదెక్కుతుంది. మనవాళ్లేమో జింకు లోపమని స్ప్రే చేస్తూ కూర్చుంటారు, జింకు లోపమైతే రెండు వైపులా ఒకేలా ఉంటుంది కదా.

హోస్ట్: గట్టు మీద కరివేపాకుకు కూడా పడుతుందంటారు?

అతిథి: సిల్లాకు అదంటే మహా ఇష్టం. గుడ్లు పెట్టేది లేత చిగురులోనే, కాబట్టి తోట చిగురేసిన ప్రతిసారీ కరివేపాకు కొసలు కూడా తిప్పి చూడాలి. నెలకోసారి లెక్కపెట్టుకుని మందు కొట్టడం డబ్బు దండగ, పైగా పేనుబంకను తినే అక్షింతల పురుగులు కూడా చస్తాయి.

హోస్ట్: మరి ఆయన సీసా?

అతిథి: మూత తీయకపోతే వాపస్ ఇచ్చేయమను. బాగా ముడుచుకున్న చిగుర్లు తుంచేసి, మిగతాదానికి లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టమను. ఎండలో వద్దు, సాయంత్రం.