రాష్ట్ర సెనేటరుతో మనకేం పని?

(వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

మనకు వాషింగ్టన్ దగ్గర, మన రాష్ట్ర రాజధాని రిచ్మండ్ దూరం. మన కబుర్లన్నీ ఆ దగ్గరి ఊరి చుట్టూనే తిరుగుతాయి. గ్రీన్‌కార్డు వరుస చెప్పే వీసా బులెటిన్ ఎంత కదిలింది, హెచ్1బి నిబంధనలు ఏం మారాయి, అధ్యక్షుడు నిన్న ఏమన్నారు. ఆ బెంగ నాకూ ఉంది, కాదనను. అయితే మన పిల్లల బడికి ఎంత సొమ్ము రావాలో, డ్రైవింగ్ లైసెన్సు ఎవరికి ఎంతకాలానికి ఇవ్వాలో, నర్సింగ్ చదివొచ్చిన అమ్మాయి ఇక్కడ ఆసుపత్రిలో చేరడానికి ఏం కావాలో, ఇల్లు ఖాళీ చేశాక ఓనరు మన డిపాజిట్టు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో తేల్చేది రిచ్మండ్‌లోని సభ. అక్కడ మన ప్రాంతం తరఫున కూర్చునే సెనేటరు గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను.

ముందు ఒక తికమక తీర్చాలి. దేశ రాజధానిలో ఉండే అమెరికా సెనేటర్లు వేరు. రాష్ట్రం మొత్తానికి వాళ్లు ఇద్దరే. రాష్ట్ర సెనేటర్లు 40 మంది. ఒక్కొక్కరి కింద దాదాపు 2 లక్షల 15 వేల మంది జనం ఉంటారు, పదవీకాలం నాలుగేళ్లు. వీరు కాక, రెండో సభలో రెండేళ్లకోసారి ఎన్నికయ్యే డెలిగేట్లు 100 మంది. 1619లో జేమ్స్‌టౌన్‌లో మొదలైన సభకు ఇవాళ్టి రూపం ఇదే.

మన ఊళ్లనుంచి వచ్చిన పెద్దవాళ్లు దీన్ని శాసనమండలి లాంటిది అనుకుంటారు. తెలంగాణ మండలిలోనూ 40 మందే కాబట్టి పోలిక తేలిగ్గా తడుతుంది. కానీ మండలి సభ్యుల్ని ఎమ్మెల్యేలు, స్థానిక సంస్థలు, పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు, కొందరిని గవర్నరు నామినేట్ చేస్తారు. ఇక్కడి సెనేటరును నేరుగా జనమే ఎన్నుకుంటారు. అక్కడ మండలి ఒక బిల్లును కొన్నాళ్లు ఆపగలదు, అంతే. ఇక్కడ సెనేట్ ఒప్పుకోకపోతే బిల్లు లేదు. ఇంకో పెద్ద తేడా ఉంది. మన దేశంలో పార్టీ విప్ జారీ అయ్యాక ఎదురు ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు, 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం అలాంటిది. ఇక్కడ అలాంటి చట్టం లేదు. సొంత పార్టీకి ఎదురుగా ఓటేసినా సీటుకు ఢోకా లేదు. అందుకే ఒక ఓటరు కలిసి చెప్పిన మాట సెనేటరు ఓటును మార్చే అవకాశం ఇక్కడ నిజంగా ఉంటుంది.

వీళ్ల జీతం ఎంతనుకున్నారు? ఏడాదికి 18 వేల డాలర్లు. అంటే దాదాపు అందరికీ వేరే వృత్తి ఉంటుంది. లాయర్లు, టీచర్లు, వ్యాపారస్తులు. జనవరి రెండో బుధవారం సభ మొదలవుతుంది. సరిసంఖ్య ఏడాదైతే 60 రోజులు, బేసి ఏడాదైతే 30 రోజులు, దాన్ని మామూలుగా 46కి పొడిగిస్తారు. 60 రోజుల ఏడాదిలో బిల్లులు రెండు వేలు దాటుతాయి. సమావేశాలు సగం గడిచేసరికి క్రాసోవర్ గడువు వస్తుంది. ఆ రోజుకి తాను పుట్టిన సభను దాటని బిల్లు రెండో సభకు వెళ్లదు. ఆ హడావుడిలో ఒక బిల్లు బతుకు తేలేది టీవీలో కనిపించే పెద్ద చర్చల్లో కాదు, పొద్దున్నే కూర్చునే సబ్‌కమిటీ గదిలో. అక్కడ ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, కాకపోతే దక్కేది ఒకటి రెండు నిమిషాలు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ డల్లెస్ గ్రీన్‌వే. లీస్‌బర్గ్ నుంచి ఎయిర్‌పోర్టు దాకా 14 మైళ్ల ప్రైవేటు రోడ్డు, 1995లో తెరిచారు. ఈ గదిలో దాని టోల్ కట్టని ఇల్లు ఉండదనుకుంటాను. ఆ రేటును సెనేటరు నిర్ణయించరు, రాష్ట్ర కార్పొరేషన్ కమిషన్ అనే నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. మరి సభ చేసేదేమిటి? కమిషన్ ఏ కొలతతో కొలవాలో చెబుతుంది. టోల్ పెంపు వల్ల జనం ఆ రోడ్డుకు దూరమయ్యేట్టుంటే ఒప్పుకోకూడదని చట్టంలో ముందే ఉంది. కానీ ఎంతమంది తగ్గితే దూరమైనట్టు? దానికి లెక్క లేదు. 2021లో సభ ఆ లెక్క రాసింది, రాకపోకలు మూడు శాతం తగ్గితే చాలని. ఆ బిల్లు తెచ్చింది అప్పటికి డెలిగేటుగా ఉన్న సుహాస్ సుబ్రహ్మణ్యం. తర్వాత ఆయన ఇదే ప్రాంతానికి రాష్ట్ర సెనేటరై, ఇప్పుడు కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో ఉన్నారు. 2023లో రోడ్డు యజమానులు రద్దీ వేళ టోల్‌ను 5.80 డాలర్ల నుంచి 8.10కి పెంచమని అడిగారు. కమిషన్ 2024లో కుదరదంది. చట్టంలో చేరిన ఒక చిన్న నిర్వచనం ఎన్ని వేల కుటుంబాల నెల ఖర్చును కాచిందో చూడండి. శాసనసభ పనంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే. దీనికి ఎవరూ పూలదండలు వేయరు. వేయాలని నా అభిప్రాయం.

గెలుపులే చెబితే సగం చెప్పినట్టే. గజాలా హష్మీ 1964లో మన హైదరాబాద్‌లో పుట్టారు, నాలుగేళ్ల వయసులో అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి వచ్చారు. రిచ్మండ్‌లో కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు ఏళ్ల తరబడి సాహిత్యం చెప్పారు. 2019లో తొలిసారి పోటీచేసి, అప్పటికి సీట్లో ఉన్న సెనేటరును ఓడించారు. వర్జీనియా సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి ముస్లిం మహిళ ఆవిడే. 2024లో విద్య, ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలయ్యారు. గర్భనిరోధక సాధనాలు వాడుకునే హక్కును చట్టంలో రాయాలని ఆవిడ తెచ్చిన బిల్లు 2024లో రెండు సభలూ దాటింది, గవర్నరు వీటో చేశారు. 2025లో మళ్లీ దాటింది, మళ్లీ వీటో. వీటోను తోసిపుచ్చాలంటే మూడింట రెండొంతుల బలం కావాలి. 40 మంది ఉన్న సెనేట్‌లో అది 27. ఆవిడ పార్టీకి ఉన్నది 21. లెక్క తెలిసీ రెండోసారి తెచ్చారు, ఎందుకంటే ఎవరు ఎటు ఓటేశారో కాగితం మీద ఉండిపోతుంది. అదే ఏడాది నవంబరులో ఆవిడ లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు. వర్జీనియాలో ఆ పదవిలో ఉన్నవారే సెనేట్‌ను నడిపిస్తారు, ఓట్లు సరిసమానమైతే తేల్చే ఓటూ వారిదే.

ఇక సభ లేని రోజుల సంగతి. సెనేటరు ఆఫీసంటే పెద్ద భవనం ఊహించుకోకండి, ఏడాది పొడవునా ఉండేది ఒకరిద్దరు సహాయకులు. మన ఉత్తరాలు చదివేది వాళ్లే. వాహనాల శాఖ డీఎంవీలో లైసెన్సు ఆగినా, తక్కువ ఆదాయం వారి ఆరోగ్య బీమా మెడికెయిడ్ దరఖాస్తు కదలకపోయినా, ఫిజియోథెరపీ లైసెన్సు ఫైలు ఏ టేబుల్ మీద ఉందో తెలియకపోయినా వాళ్లు సంబంధిత శాఖకు రాసి అడుగుతారు. ఇవ్వండి అని ఆదేశించలేరు. ఎక్కడుంది, ఎందుకు ఆగింది అని అడగగలరు. చాలాసార్లు ఆ ప్రశ్నే ఫైలును కదిలిస్తుంది. రోడ్డు సంగతి చాలామందికి తెలియదు. ఈ రాష్ట్రంలో దాదాపు అన్ని కౌంటీల రోడ్లూ రాష్ట్ర రవాణా శాఖవే, ఒకటి రెండు కౌంటీలే మినహాయింపు. మన కాలనీ ముందు గుంత పడినా, క్రాసింగ్ దగ్గర సిగ్నల్ కావాలన్నా రాష్ట్రాన్ని అడగాల్సిందే. పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు మాత్రం వీళ్ల చేతిలో లేవు. వాటికి కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు వెళ్లాలి.

"మాకు ఓటు లేదు కదండీ, మా మాట ఎవరు వింటారు?" ఇక్కడి మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. వినండి. నియోజకవర్గాల గీతలు గీసేది ఓటర్ల సంఖ్యను బట్టి కాదు, జనాభాను బట్టి. ఆ 2 లక్షల 15 వేల మందిలో హెచ్1బి మీదున్న మీరూ, హెచ్4 మీదున్న మీ ఆవిడా, నిన్న పుట్టిన మీ పాపా ఉన్నారు. మీరు ఈ రాష్ట్రానికి పన్ను కడుతున్నారు. మీరు ఆ సెనేటరుకు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కారు. కమిటీలో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. ఒక్క జాగ్రత్త: హెచ్1బి, హెచ్4 మీద ఉన్నవాళ్లు ఎన్నికల ప్రచారానికి చందా ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. ఫంక్షన్‌లో ఎవరైనా మొహమాటపెట్టినా ఇవ్వకండి.

వెళ్లే సమయం ముఖ్యం. జనవరిలో వెళితే ఐదు నిమిషాలు దొరకడం కష్టం. వేసవిలో, సెప్టెంబరులో వెళ్లండి. బిల్లుల ఆలోచనలు అప్పుడే పుడతాయి, శరదృతువులో వాటిని శాసనసభ న్యాయవాదులు చట్ట భాషలోకి రాస్తారు. ఉత్తరం రాస్తే మొదటి వాక్యంలోనే మీ చిరునామా ఇవ్వండి, వాళ్లు ముందు చూసేది మీరు తమ నియోజకవర్గంలో ఉన్నారా లేదా అని. ఒక ఉత్తరంలో ఒకే విషయం రాయండి. బిల్లు గురించైతే దాని నంబరు వేయండి. ఎవరో పంపిన నకలు అతికించకండి, మీ ఇంట్లో ఏం జరిగిందో మీ మాటల్లో నాలుగు వాక్యాలు చాలు. ఇంగ్లిష్ అంత బాగా రాకపోయినా పరవాలేదు, అమ్మా, పిల్లల చేత రాయించి సంతకం మీరు పెట్టండి.

మీ చిరునామా చెబితే మీ సెనేటరు, డెలిగేటు ఎవరో ఆ చివర టేబుల్ దగ్గర చూసి చెబుతారు. ఇక మీ ప్రశ్నలు అడగండి.