శరణార్థుల సంస్థకు దరఖాస్తు రాసేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో చదువుకుని, తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ చక్కగా రాయగలిగి, ఏ పత్రికలోనో ప్రకటనల కంపెనీలోనో కొంతకాలం పనిచేసిన మన పిల్లలు కొందరు, శరణార్థుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో కమ్యూనికేషన్స్ ఆఫీసర్ ఉద్యోగానికి దరఖాస్తు ఎలా రాయాలని నన్ను అడుగుతుంటారు. దాతలకు ఉత్తరాలు, వార్షిక నివేదిక, ప్రెస్ నోట్లు, ఫోటోలు, సోషల్ మీడియా, అన్నీ ఆ ఒక్కరి నెత్తిమీదే ఉంటాయి. ఈ కొద్ది నిమిషాల్లో అదంతా చెప్పడం సాధ్యం కాదు కనుక, దరఖాస్తులో ఒక్క పేజీ గురించే చెబుతాను.

ముందుగా నేపథ్యం, క్లుప్తంగా. 1983 జూలై అల్లర్ల తర్వాత శ్రీలంక తమిళులు పడవల్లో రామేశ్వరం తీరానికి రావడం మొదలైంది. నాలుగు దశాబ్దాలు గడిచినా వేలాదిమంది ఇప్పటికీ తమిళనాడు శిబిరాల్లోనే ఉన్నారు. మనం సూళ్లూరుపేట వెళ్లే లోకల్ రైలు దారిలోని గుమ్మిడిపూండిలోనూ అటువంటి శిబిరం ఒకటి ఉంది. భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేకమైన చట్టమూ చేయలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చినవారికే పరిమితం కనుక, శ్రీలంక నుంచి వచ్చినవారికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఇవి ఇంటర్వ్యూలో అడుగుతారని చెప్పడం లేదు. చట్టం అండ ఇంత పలచగా ఉన్న మనిషి గురించి మనం అచ్చువేసే ప్రతి మాటా ఆ మనిషికి ఎక్కడో ఒకచోట తగులుతుందని తెలిసి ఉండాలని చెబుతున్నాను.

దరఖాస్తుతో పంపే ఉత్తరాన్ని చాలామంది ప్రపంచంలో ఎంతమంది నిర్వాసితులయ్యారో చెబుతూ ప్రారంభిస్తారు. 2024 చివరినాటికి 12 కోట్ల 30 లక్షలకు పైగా అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. లెక్క సరైనదే, కానీ ఆ ఉత్తరం చదివేవారికి అది కంఠతా వచ్చు. దానికి బదులు, మీ తాతగారు రంగూన్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవారైతే ఆ సంగతి రెండు వాక్యాల్లో రాయండి. బర్మా నుంచి తిరిగివచ్చినవారి బర్మా బజారు ఉన్న ఈ చెన్నైలో అది ఎవరికీ వింతగా తోచదు. రెండు వాక్యాలే సుమా, మూడో వాక్యానికి అది మీ కథ అయిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. నాయుడుపేట నుంచి వచ్చి చెన్నైలో ప్రూఫ్‌రీడరుగా పనిచేసిన ఒక అమ్మాయి నాకు తెలుసు. ఒక సంస్థ ఆమెకు రాత పరీక్ష పెట్టింది. ఫీల్డ్ వర్కర్ శిబిరంలో రాసుకొచ్చిన నోట్సు రెండు పేజీలు, ఒక ఫోటో చేతికిచ్చి, దాతలకు పంపే కథగా మూడు వందల మాటల్లో రాయమన్నారు. నోట్సులో లేనిదంటూ లేదు: చిన్నతనంలో పడవలో వచ్చిన తల్లి, తాగుడికి అలవాటుపడిన తండ్రి, జాఫ్నాలో మిగిలిపోయిన మేనమామ పేరు, వడ్డీకి తెచ్చిన అప్పు, బీకాం పూర్తిచేసినా పౌరసత్వం లేనందున ప్రభుత్వోద్యోగ పరీక్షకు కూర్చోలేని కూతురు. ఫోటోలో ఆ కూతురు గుమ్మంలో నిలబడి ఉంది, వెనక తలుపు మీద ఇంటి నంబరు స్పష్టంగా కనబడుతోంది. ఈ వివరాలను నేనూ కొంత మార్చే చెబుతున్నానని శ్రోతలు గమనించగలరు.

పరీక్ష రాసినవారిలో ఎక్కువమంది పడవనూ, చీకటినీ, తల్లి కన్నీళ్లనూ పట్టుకున్నారట. మన అమ్మాయి మాత్రం నోట్సు చివర ఒక మూల ఉన్న సంగతిని పట్టుకుంది. ఆ బీకాం చదివిన పిల్ల శిబిరంలోని పొదుపు సంఘానికి లెక్కలు రాస్తుంది. "ఇరవైమంది ఆడవాళ్ల డబ్బుకు లెక్క ఆమె చేతిలో ఉంది, నెలాఖరున ఒక్క రూపాయి తేడా వచ్చినా ఆ రాత్రి ఆమె పడుకోదు" అని ప్రారంభించింది. పడవ ప్రస్తావన ఒకే వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. శిబిరం పేరు లేదు, మేనమామ పేరు లేదు, తండ్రి తాగుడు లేదు.

కథ కింద గీత గీసి, తాను ఏమేమి వదిలేసిందో, ఎందుకు వదిలేసిందో విడిగా రాసింది. మేనమామ ఇంకా అక్కడే ఉన్నాడు కనుక పేరు వద్దని, ఫోటోలో తలుపు భాగం కత్తిరించాలని రాసి, చివర ఒక ప్రశ్న వేసింది: ఈ ఫోటో వాడుకోవడానికి అందులోని పిల్ల ఒప్పుకున్నప్పుడు అది ఎక్కడెక్కడ కనబడుతుందో ఆమెకు తమిళంలో చెప్పారా, లేక ఇంగ్లీషు అంగీకార పత్రం మీద సంతకం మాత్రమే తీసుకున్నారా? తాగుడు సంగతి ఎందుకు వదిలేశావమ్మా, దాతలు కరిగేది అక్కడే కదా అని నేను అడిగితే, "మాస్టారూ, రేపు ఆ పిల్లకు సంబంధం చూడటానికి వచ్చేవాళ్లు కూడా ఫోన్లో అదే చదువుతారు కదండీ" అంది.

ఇంటర్వ్యూలో గంటసేపు మాట్లాడింది ఆ గీత కింది పేజీ గురించేనట. నేను చెప్పదలచిన ఒక్క పేజీ అదే. మీకు రాత పరీక్ష పెట్టినా పెట్టకపోయినా, మీరు పంపే నమూనా రచనతో పాటు, ఏమి వదిలేశారో, ఎవరి కోసం వదిలేశారో చెప్పే పేజీ ఒకటి జతచేయండి. ఆ వదిలేసిన వివరాలనే ఆ పేజీలో మళ్లీ పూసగుచ్చినట్లు రాయకండి. "ఒక బంధువు పేరు" అంటే చాలు, పేరు రాయనక్కరలేదు. నమూనా కోసం నిజమైన శరణార్థి కథను ఎక్కడి నుంచో తెచ్చి వాడుకోవడం అసలే వద్దు. మీ వీధిలో ఇస్త్రీ బండి నడిపే ఆయన గురించి, ఆయన అనుమతితో రాసినా మీ చేయి ఎలాంటిదో తెలిసిపోతుంది.

మరొక మాట. ఈ సంస్థల్లో చాలావాటికి విదేశీ విరాళాలే ఆధారం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద వాటికి రిజిస్ట్రేషన్ ఉండాలి, పైగా 2020 సవరణతో ఆ విరాళాల్లో పరిపాలనకు ఖర్చుచేయదగ్గ పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అందువల్ల రిజిస్ట్రేషన్ అమలులో ఉందా, మీ జీతం ఏ పద్దు కింద వస్తుంది, ఆ నిధులు ఎప్పటివరకు ఉంటాయి అని ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగండి. మన నాయుడుపేట అమ్మాయి అడిగింది. ప్రాజెక్టు ఏడాదికే మంజూరైందని, ఆ తర్వాత సంగతి చెప్పలేమని వారూ దాచకుండా చెప్పారు. ఇంట్లో వాళ్లతో మాట్లాడుకుని, తెలిసే చేరింది.

సెలవు. నమస్కారం.