ఇంటిపేరు మారిన నటులు

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలో స్థిరపడిన తెలుగువారికి ఇంటిపేరు మీద పట్టింపు కొంచెం ఎక్కువ. పర్లాకిమిడిలో నన్ను బడిలో చేర్చినప్పుడు, రిజిస్టరులో మా ఇంటిపేరును చివరికి నెట్టేశారని, అది ముందుండవలసిందేనని మా తాతగారు పని కట్టుకొని వెళ్లి చెప్పి వచ్చారట. అంతటి ఇంటిపేరును నటుల విషయంలో మాత్రం మనమే చేజేతులా చెరిపేసి, వారు వేసిన పాత్రనో, నటించిన చిత్రాన్నో ఆ స్థానంలో కూర్చోబెడతాము. 1950లో వచ్చిన ‘షావుకారు’తో జానకి గారు షావుకారు జానకి అయ్యారు. ‘సాక్షి’తో రంగారావు గారు సాక్షి రంగారావు అయ్యారు. ‘శంకరాభరణం’లో శారదగా నటించిన రాజ్యలక్ష్మి గారు నేటికీ శంకరాభరణం రాజ్యలక్ష్మి గారే.

ఆ చిత్రంలోనే శంకరశాస్త్రిగా కనిపించిన జె.వి. సోమయాజులు గారి సంగతి ఈ పూట చెప్పుకోవాలని ఉంది, ఎందుకంటే ఆయన మనకు దూరపువారు కారు. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో 1928లో జన్మించారు. ఇంటిపేరు జొన్నలగడ్డ. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు దాకా ఎదిగినా, ఆయన మనసు నాటకం మీదనే ఉండేది. తమ్ముడు రమణమూర్తి గారు గిరీశంగా, అన్నగారు రామప్పపంతులుగా ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ఏళ్ల తరబడి ఆడారు. రామప్పపంతులు ఎటువంటివాడో మీకు నేను చెప్పనవసరం లేదు. తగవులు పెంచి బతికేవాడు, నోరు విప్పితే కోతలు కోసేవాడు, మధురవాణిని ఉంచుకొని ఆ మధురవాణి ముందే తెల్లబోయేవాడు.

అటువంటి పాత్రను రంగస్థలం మీద రక్తి కట్టించిన మనిషి, 1980 ఫిబ్రవరిలో, యాభై దాటిన వయసులో, కె. విశ్వనాథ్ గారి దర్శకత్వంలో శంకరశాస్త్రిగా తెర మీదికి వచ్చారు. దానితో రామప్పపంతులు మాయమయ్యాడు. డిప్యూటీ కలెక్టరు మాయమయ్యాడు. జొన్నలగడ్డ అన్న ఇంటిపేరూ మాయమయింది. మిగిలినది శంకరశాస్త్రి ఒక్కరే.

ఇందులో నాకు వింతగా తోచే విషయం మరొకటి ఉంది. శాస్త్రిగారి పాట సోమయాజులు గారి గొంతులోనిది కాదు. పాడినవారు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు, బాణీలు కట్టినవారు కె.వి. మహదేవన్ గారు. సోమయాజులు గారు సొంతంగా తెచ్చినవి ఆ కూర్చునే తీరు, ఆ చూపు, మాటలోని ఆ నిదానం. అయినప్పటికీ జనం సంగీతాన్ని కూడా ఆయన ఖాతాలోనే జమ కట్టారు. మాటను ఎక్కడ ఆపాలో, ఊపిరి ఎక్కడ తీయాలో నాటకంలో అన్నేళ్లు నేర్చుకున్నవారు కనుకనే, మరొకరి పాటను తన పెదవుల మీద అంత సహజంగా నిలుపుకోగలిగారని నా నమ్మకం. అంటే, శంకరశాస్త్రిని నిలబెట్టినవాడు రామప్పపంతులే. కొందరికి ఈ మాట రుచించకపోవచ్చు, అయినా మళ్లీ అంటున్నాను, శంకరశాస్త్రిని నిలబెట్టినవాడు రామప్పపంతులే.

ఎన్.టి. రామారావు గారి మాట వేరు. 1957 నాటి ‘మాయాబజార్’ నుంచి కృష్ణుడంటే ఆయనే అయినా, 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు ముగ్గురూ తానే అయితే జనం ముగ్గురినీ ఒప్పుకున్నారు. ఆ చిత్రానికి నిర్మాత, దర్శకుడు కూడా ఆయనే కనుక, ఫలానా వేషం ఇవ్వండని ఎవరినీ అడగవలసిన అవసరం రాలేదు.

అడిగినా దొరకనివారు మన మధ్యనే ఉన్నారు. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. హరిశ్చంద్ర నాటకంలో ఆయన నక్షత్రకుడి వేషం కోసం బరంపురం నుంచి, గుణుపురం నుంచి కబుర్లు వచ్చేవి. నిజానికి ఆయన వట్టి మొహమాటస్థుడు. తాను ఇచ్చిన చేబదులు అడగడానికి వెళ్లినా, “అదిగో, నక్షత్రకుడు వచ్చాడు” అని ఇంటిల్లిపాదీ నవ్వితే, తానూ నవ్వేసి, కాఫీ తాగి, వట్టి చేతులతో తిరిగి వచ్చేవారు. ఒక్కసారైనా హరిశ్చంద్రుడి వేషం కట్టాలని ఆయన కోరిక. ఏ కమిటీవారూ ఇవ్వలేదు.

దసరాలకు నాటకాలు ఆడించే పెద్దలకు నాదొక మనవి. రెండు రాత్రులు నాటకం ఉన్నప్పుడు, ఎప్పుడూ ఒకే వేషం కట్టే నటుడికి రెండవ రాత్రి మరో వేషం ఇచ్చి చూడండి. అది వీలు పడకపోతే, కరపత్రంలో పాత్రకు ఎదురుగా నటుడి పేరును ఇంటిపేరుతో సహా అచ్చు వేయించండి. మా వీధి పెద్దాయన ఆడిన నాటకం కరపత్రం ఒకటి నా దగ్గర ఉంది. అందులో హరిశ్చంద్రుడికి, చంద్రమతికి, విశ్వామిత్రుడికి ఎదురుగా నటుల పేర్లు ఉన్నాయి. నక్షత్రకుడికి ఎదురుగా “మన నక్షత్రకుడు” అని ఉంది.

సెలవు. నమస్కారం.