కాల్పులు జరిగిన మర్నాడు

శ్రోతలకు నమస్కారం.

నడుస్తున్న కారులోంచి తుపాకీ పేల్చి వెళ్లిపోవడం కొన్ని సెకన్ల పని. తూటా ఎవరికి తగిలిందో కాల్చినవాడికే సరిగ్గా తెలియదు. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది. మనం చదివి పేజీ తిప్పేస్తాం. నన్నడిగితే, అసలు భయపడాల్సింది ఆ మర్నాటి గురించే. చనిపోయినవాడి స్నేహితులు ఇప్పుడేం చేస్తారు?

అమెరికాలోని బోస్టన్ నగరం. 1992 మే నెల. అలా కారులోంచి కాల్చిన తూటాకి ఒక కుర్రాడు పోయాడు. మాటపాన్ అనే పేటలో, మార్నింగ్ స్టార్ బాప్టిస్ట్ చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరుగుతోంది. తల్లులున్నారు, చిన్నపిల్లలున్నారు. అంతలో ఒక ముఠా లోపలికి చొరబడింది. ప్రార్థనకి వచ్చిన ఒక అబ్బాయిని అందరి కళ్లముందే కొట్టారు, కత్తితో పొడిచారు. చావుకి వచ్చినవాళ్లనైనా వదిలేస్తారనుకుంటాం కదా. వదల్లేదు.

అప్పుడు కొందరు నల్లజాతి పాస్టర్లకి సిగ్గేసింది. జెఫ్రీ బ్రౌన్, యూజీన్ రివర్స్, రే హామండ్ లాంటివాళ్లు. టెన్ పాయింట్ కోయలిషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. అంతవరకూ మామూలే, సంఘాలు అందరూ పెడతారు. వీళ్లు మాత్రం రాత్రిళ్లు వీధుల్లోకి వెళ్లారు. శుక్రవారం రాత్రి పదింటికి బయల్దేరితే రెండింటిదాకా. మొదట్లో కుర్రాళ్లు వాళ్లతో మాట్లాడనే లేదు. పక్కనుంచి చూసి ఊరుకున్నారు. నాలుగు రోజులు తిరిగి మానేస్తారేమోనని కనిపెట్టి చూశారు. పాస్టర్లు మానలేదు. వచ్చే వారం వచ్చారు, ఆ పై వారం వచ్చారు. మెల్లగా మాటలు కలిశాయి. అప్పుడూ ఉపదేశాలు కట్టిపెట్టి, ఎక్కువగా విన్నారు.

రివర్స్ గారికి అంతకుముందే ఒక మాదకద్రవ్యాల వ్యాపారి ఒక మాట చెప్పాడట. పిల్లాడు బడికి వెళ్లేటప్పుడూ, రొట్టె కొనడానికి వచ్చినప్పుడూ నేనక్కడ ఉంటాను, మీరుండరు, అందుకే నేను గెలుస్తాను అని. ఇంతకంటే సూటిగా ఏ ప్రొఫెసరూ చెప్పలేడనిపిస్తుంది నాకు.

1990లో బోస్టన్‌లో 150కి పైగా హత్యలు జరిగాయి. 1999కి అవి 31కి దిగాయి. ఇదంతా పాస్టర్ల చలవే అనను. 1996లో ఆపరేషన్ సీజ్‌ఫైర్ మొదలైంది. పోలీసులు ముఠాలని పిలిచి, మీలో ఒకడు కాల్చినా మొత్తం ముఠా మీద పడతాం, మానేస్తే సాయం చేస్తాం అని ముఖం మీదే చెప్పారు. ఆ తర్వాత కొన్నేళ్లకి పాస్టర్లూ పోలీసులూ కలిసి పనిచేయడం సడలింది, హత్యలు మళ్లీ పెరిగాయి కూడా.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకోవాలి. కాల్పుల తర్వాత మొదటి రాత్రి ఆస్పత్రి వరండాలో గాయపడినవాడి స్నేహితుల పక్కన ఎవరు కూర్చుంటున్నారు? తుపాకీ తెస్తానన్నవాడా, ఇంటికి పద అనే పెద్దమనిషా? బోస్టన్ మెడికల్ సెంటర్‌లో 2006 నుంచి దీనికోసమే మనుషులున్నారు. గాయపడినవాడు ఇంకా మంచం మీద ఉండగానే వచ్చి పలకరిస్తారు. డిశ్చార్జి అయ్యాక ఆ వీధికే వెళ్లాలా, వేరే ఇల్లు దొరుకుతుందా, ఉద్యోగం సంగతేంటి, ఇవన్నీ అడుగుతారు. అడిగి వదిలేయకుండా, వాటికోసం అతనితో పాటు తిరుగుతారు.